పిట్టగోడ లోపల వ్యాయామశాల

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు జిమ్ములూ మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకోవడానికి కేంద్రం అనుమతించింది ఆ ఏడు ఆగస్టు 5 నుంచి. మధ్యలో గడిచిన నాలుగు నెలల్లో, కసరత్తుకు అలవాటుపడ్డ ఒళ్లు ఊరికే కూర్చోలేక మేడలెక్కాయి. వడియాలు ఎండే చోటికి డంబెల్సు చేరాయి. బట్టల తీగ కింద బెంచీలు వెలిశాయి. ఇప్పుడు మా వీధిలో ఏ మేడ ఎక్కినా వాటి ఆనవాళ్లు కనిపిస్తాయి: పొరలు లేచిన తుప్పు ప్లేట్లు, ఎండకు పెళుసుబారిన రబ్బరు పట్టీలు, నీళ్ల ట్యాంకు పక్కన బోర్లా పడి ఉన్న బెంచీ. కొన్నవాళ్లకు పట్టుదల లేకపోయిందని చాలామంది తేల్చేస్తారు. నేనలా అనుకోను. సామాను ఎంచుకున్నారు గాని చోటును చూడలేదు. ఎండ, వాన, శ్లాబు, పక్కింటివాళ్లు అనే నాలుగింటినీ లెక్కలోకి తీసుకోని ఏ ఏర్పాటైనా ఒక వానాకాలానికి మించి నిలవదు.

మన ఇళ్లలో ఆరుబయలు అంటే ఎంత? ఫ్లాటులో అయితే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది పదడుగుల పొడవున్న బాల్కనీ. సొంత ఇల్లయితే గోడకూ ప్రహరీకీ నడుమ వదిలిన సందు, లేదా మేడ మీద ట్యాంకు, డిష్షు, సోలార్ పలకలు పోగా మిగిలిన మూల. పల్లెలో పెరడు. వీటిలో దేనికీ పైకప్పు ఉండదు, ఉన్నా సగమే. ఈ కొలతలు దగ్గర పెట్టుకుని, మార్కెట్టులో దొరికేవాటినీ, పరిశోధనలు చెప్పేదాన్నీ, మన పాత తాలింఖానాల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఒకటే. చిన్న ఆరుబయట నిలబడే జిమ్‌లో సామాను ఇంట్లో ఉంటుంది, మనిషి బయట కసరత్తు చేస్తాడు. ఎండావానల్లో శాశ్వతంగా ఉంచదగింది ఒక్క ఇనుప కడ్డీ మాత్రమే.

అసలు నడక చాలదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. మగవాళ్లలో ఇది 42 శాతం, ఆడవాళ్లలో 57. అలాంటప్పుడు ఎవరైనా నడుస్తామంటే కాదనకూడదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, వారానికి రెండు రోజులైనా పెద్ద కండరాలన్నిటికీ బలమిచ్చే కసరత్తు ఉండాలన్న మాటా ఉంది. మనం మొదటి సగం విని రెండో సగం వదిలేశాం.

ఆ రెండో సగం మనకు మరీ ముఖ్యం. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక సంగతి చెప్పారు. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ ఇద్దరికీ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. చూపుకు సన్నగా ఉన్న భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆ ఒక్క ఫొటో తేల్చింది. భోజనం తరవాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేది కండరమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని లెక్కకట్టింది. మేడ మీద కడ్డీ బిగించుకోవడాన్ని కుర్రకారు సరదాగా చూసే ఇంటిపెద్దలు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

తెలుగునాట ఆరుబయలు కసరత్తు నిన్నమొన్నటిది కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ కంపెనీ పెట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు కాలానికి తాలింఖానా అంటే చదును చేసిన మట్టి, ఒక గోదా, సంగిడి రాళ్లు, చెక్క గదలు. అంతే సామాను. దండీలు, బస్కీలు వందల్లో తీసేవాళ్లు. ఈ పద్ధతిని నేను గౌరవంతో చూస్తాను. అయితే సమీక్షించేటప్పుడు లోటు కూడా చెప్పాలి. దండీలు తోసే కండరాలకు, బస్కీలు తొడలకు, గదలు భుజాలకు పని చెబుతాయి. లాగే కండరాలకు, అంటే వీపుకూ ముంజేతులకూ ఇందులో పని తక్కువ. మల్లఖంబం, తాడు ఎక్కడం ఉన్నచోట ఆ కొరత తీరేది. మరి మిగతావాళ్లకు? వాళ్లకు బావి ఉండేది. గిలక మీదుగా చేద వేసి రోజూ పాతిక బిందెలు తోడిన మనిషికి వీపు కసరత్తు విడిగా అక్కర్లేదు. మోటరు వచ్చి ఆ పని పోయింది. దాని స్థానంలో ఏదీ రాలేదు.

అందుకే చిన్న చోటుకు మొదట కొనాల్సింది ఏమిటని ఎవరు అడిగినా నా జవాబు డంబెల్సు కాదు, వేలాడటానికి ఒక కడ్డీ. తోయడానికి నేల ఉంది, కూర్చుని లేవడానికి కాళ్లున్నాయి. లాగడానికే ఇంట్లో ఏదీ లేదు.

బరువులు లేకుండా బలం వస్తుందా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ అమెరికన్ సైనికుల మోకాళ్లకు చికిత్స చేస్తూ థామస్ డెలార్మ్ అనే వైద్యుడు 1945లో ఒక సూత్రాన్ని రాతపూర్వకంగా పెట్టాడు. కండరం మోసే భారం కొద్దికొద్దిగా పెరుగుతూ పోవాలి. ఎనభై ఏళ్లుగా దాన్ని ఎవరూ కాదనలేదు. వాదన అంతా ఆ భారం ఇనుమే అయి ఉండాలా అన్నదాని చుట్టూనే. వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2017లో పాత అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూసింది. ఇక లేవలేనన్నంత వరకూ చేస్తే తక్కువ బరువుతోనైనా ఎక్కువ బరువుతోనైనా కండ ఇంచుమించు ఒకేలా పెరిగింది. ఒక్కసారిలో ఎత్తగల గరిష్ఠ బరువు పెరగడంలో మాత్రం పెద్ద బరువులదే పైచేయి. సాగే రబ్బరు పట్టీలతో చేసినవాళ్లకూ, యంత్రాలూ డంబెల్సుతో చేసినవాళ్లకూ బలం పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో వచ్చిన మరో సమీక్ష చూపింది. పోటీలకు వెళ్లే వెయిట్‌లిఫ్టర్‌కు బార్‌బెల్ తప్పదు. చక్కెర అదుపులో ఉండాలి, నడుం నొప్పి రాకూడదు, అరవయ్యేళ్లప్పుడు మెట్లెక్కగలగాలి అనుకునేవాళ్లకు ఒలింపిక్ బార్ తప్పనిసరి కాదు.

చోటు కోణం నుంచి చూసినా బార్‌బెల్ ఇబ్బందే. పురుషుల ఒలింపిక్ బార్ పొడవు 2.2 మీటర్లు, బరువు 20 కిలోలు. మహిళలది 2.01 మీటర్లు, 15 కిలోలు. ఏడడుగులు దాటిన కడ్డీని నాలుగడుగుల బాల్కనీలో అడ్డంగా తిప్పడం కుదరదు. పొడవునా పెడితే ప్లేట్లు ఎక్కించడానికి రెండు కొసలా మనిషి నిలబడే జాగా ఉండదు. మేడ మీద చోటు దొరకవచ్చు గాని అక్కడ శ్లాబు ప్రశ్న వస్తుంది.

శ్లాబు గురించి జనంలో రెండు రకాల అపోహలున్నాయి. పది మంది పెళ్లి భోజనాలు చేసిన మేడే కదా, ఎంత బరువైనా మోస్తుందని కొందరి ధీమా. డంబెల్ పెడితే కూలిపోతుందని మరికొందరి భయం. అసలు లెక్క ఈ రెంటికీ మధ్య ఉంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, మనుషులు ఎక్కే చదును మేడకు 1.5, ఇళ్ల బాల్కనీలకు కనీసం 3 లెక్కన భారం పట్టుకుని డిజైన్ చేయాలి. ఒక కిలోన్యూటన్ అంటే ఇంచుమించు వంద కిలోలు. మేడ మీద పదడుగుల చదరం తీసుకుంటే సమంగా పరిచినప్పుడు సుమారు 1,400 కిలోలు. ఒక మనిషి, కొన్ని డంబెల్సు దీనికి ఏమూలకూ రావు. కాని ఒక మూల ఇనుప ర్యాకు నిలబెట్టి, దాని పక్కనే 200 కిలోల ప్లేట్లు పేర్చి, ఇద్దరు మనుషులు నిలబడితే ఆ చదరపు మీటరు మీద పడేది లెక్కకు బాగా మించిపోతుంది.

దానికన్నా పెద్ద సంగతి, దించడానికీ పడేయడానికీ ఉన్న తేడా. 60 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి జారి, రబ్బరు చాప మీద రెండు సెంటీమీటర్ల లోపల ఆగిందనుకోండి. ఆ ఆగే క్షణంలో నేలకు తగిలే సగటు దెబ్బ మూడు టన్నులు. చాప లేకుండా కాంక్రీటు మీద పడితే ఇంకా ఎన్నో రెట్లు. ఒక్క దెబ్బకు శ్లాబు పడిపోదు. రోజూ తగిలితే పైన గచ్చు పగులుతుంది, పగులులోంచి వాన దిగుతుంది, లోపలి ఊచకు తుప్పు పడుతుంది, కింద గదిలో పెచ్చులు ఊడతాయి. ఇప్పటికే పెచ్చులూడి ఊచలు బయటపడ్డ పాత మేడ అయితే అక్కడ బరువుల మాటే ఎత్తవద్దు. ముందు ఇంజినీరుకు చూపించాలి. బాల్కనీ సంగతి మరోలా ఉంటుంది. అది గోడలోంచి బయటకు చాచిన చేయి లాంటిది. బరువు చివర పెట్టేకొద్దీ మొదట్లో ఒత్తిడి పెరుగుతుంది. అక్కడ ఏది ఉంచినా ఇంటి గోడను ఆనుకునే ఉంచాలి, రెయిలింగు వైపు కాదు.

ఇక కడ్డీ. ప్లంబింగ్ దుకాణంలో దొరికే జీఐ పైపే దీనికి మంచి వస్తువు. అంగుళం పైపు బయటి వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు, అంటే గుప్పిట నిండుగా పట్టుకోవడానికి సరిపోయే లావు. ఐఎస్ 1239 ప్రకారం పైపుల మీద రంగు గీత ఉంటుంది: పసుపు గీత పల్చన, నీలం మధ్యరకం, ఎరుపు మందం. దుకాణదారు అడగకుండా ఇచ్చేది ఎక్కువగా పల్చనిదే. వేలాడటానికి ఎరుపు గీతదే తీసుకోవాలి, రెండు ఆధారాల మధ్య దూరం నాలుగడుగులు దాటనివ్వకూడదు. పైపుకు పూసిన జింకు పొర వానను తట్టుకుంటుంది. కోసిన కొసల దగ్గర, వెల్డింగు చేసిన చోట ఆ పొర పోతుంది కాబట్టి అక్కడ జింకు ప్రైమరు పూయాలి. ఈ చిన్న పని మానేసినందుకే చాలా కడ్డీలు అతుకు దగ్గర తినేసి ఊడిపోతాయి.

బిగించేది ఎక్కడ? పిట్టగోడకు మాత్రం కాదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను. మన పిట్టగోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు. మూడు, మూడున్నర అడుగుల ఎత్తున మనిషి పడకుండా ఆపడానికి కట్టినవి. మనిషి బరువును ఊగుతూ లాగే పనికి కట్టినవి కావు. మా ఇంట్లోనే మొదటిసారి కడ్డీ ఆధారాన్ని పిట్టగోడలో బోల్టులతో బిగించారు. రెండో నెలలో బోల్టు చుట్టూ ఇటుక పొడిగా రాలింది, ఆ వానాకాలం కింద గది గోడ తడిసింది. ఆ తరవాత మెట్ల గది కాంక్రీటు స్తంభానికీ, ట్యాంకు కింది స్తంభానికీ మధ్య యాంకర్ బోల్టులతో బిగించాం. అది కదలలేదు. శ్లాబులో తూట్లు పొడవడం మరీ తప్పు. వాన దిగకుండా వేసిన పూత ఒకసారి చిల్లుపడితే మళ్లీ పాత స్థితికి తేవడం ఎంత కష్టమో మేస్త్రీలకు తెలుసు. కడ్డీ పిట్టగోడకు కనీసం ఆరడుగుల లోపలికి ఉండాలి. ఊగుతూ చేయి జారినా మనిషి మేడ మీదే పడాలి. అలాగే పిట్టగోడ పక్కన బెంచీ వేసుకుని దానిమీద నిలబడటం ప్రాణాంతకం. అడుగున్నర బెంచీ ఎక్కితే నడుం దాకా ఉన్న గోడ మోకాళ్ల దగ్గరకు దిగిపోతుంది.

ఇంకొక ప్రమాదం గురించి జిమ్ పుస్తకాల్లో ఉండదు, మన వీధుల్లో ఉంటుంది. మేడ పక్కగా వెళ్లే కరెంటు తీగలు. 11 కేవీ తీగకూ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలని నిబంధన. చాలా ఇళ్లు తీగల వైపు పెరిగిపోయాయి. మేడ మీదికి పొడవైన పైపు మోసుకెళ్తూ తిప్పినప్పుడు కొస తీగకు తగిలితే ఏమవుతుందో తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. పైపును కింద కోయించి ముక్కలుగానే పైకి తేవాలి. ఉరుములు మొదలైతే కసరత్తు సగంలో ఉన్నా దిగిపోవాలి.

పెరడు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. జీఐ పైపు ఇరవై అడుగుల పొడవున వస్తుంది. రెండంగుళాల పైపును సగానికి కోస్తే రెండు స్తంభాలు. రెండున్నర అడుగులు భూమిలో కాంక్రీటుతో పాతితే ఏడున్నర అడుగులు పైన మిగులుతుంది. సగటు ఎత్తున్న మనిషి చేతులు చాచి వేలాడటానికి అది చాలు. ఎర్రనేలలో ఇది గట్టిగా నిలుస్తుంది. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఏడాది తిరిగేసరికి స్తంభం వదులవుతుంది. అక్కడ గొయ్యి లోతూ వెడల్పూ పెంచాలి. కోస్తాలో సరుగుడు బాదులు పాతి పని కానిచ్చేవాళ్లున్నారు. చవకే, కాని మట్టిలో ఉన్న భాగాన్ని చెదలు తింటుంది, పైకి ఏమీ తెలియదు. పెద్ద టైరును దొర్లించే కసరత్తు సినిమాల పుణ్యమా అని ఇప్పుడు ఊళ్లలోకీ వచ్చింది. ఆరుబయట టైరు పెట్టాలనుకునేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. టైరులో నిలిచిన వాననీరు డెంగీ దోమకు ఇష్టమైన చోటు. చుట్టూ చిల్లులు పొడిచి నీరు పోయేలా చేయలేకపోతే టైరు వద్దు.

కింద ఏమి పరచాలి? జిమ్ దుకాణాల్లో అమ్మే రబ్బరు పలకలు బాగానే ఉంటాయి. నేను మెచ్చేది మాత్రం పాడి పశువుల కింద వేసే రబ్బరు చాప. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంగుళంలో మూడింట రెండు వంతుల మందం. గేదె డెక్కను తట్టుకునేది డంబెల్‌ను తట్టుకుంటుంది. దాన్ని మేడ మీద శాశ్వతంగా పరిచి వదిలేస్తే అడుగున నీరు నిలిచి పాకుడు పడుతుంది. ఒక చివర పట్టి చుట్టి గోడకు ఆనించి నిలబెట్టే అలవాటు చేసుకోవాలి. మరో చిన్న విషయం: మేడకు నీరు పోవడానికి వాలు ఉంటుంది. బస్కీలు తీసేటప్పుడు ఆ వాలు మనకు అడ్డంగా ఉంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో ఉంటుంది, నడుం ఒక పక్కకు ఒరుగుతుంది. వాలుకు ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే రెండు కాళ్లూ సమంగా ఉంటాయి.

ఎండ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సామాను కన్నా మనిషిని ముందు దెబ్బతీసేది అదే. సాయంత్రం చల్లబడ్డాక మేడ ఎక్కుదామనేది అందరికీ తోచే ఆలోచన. వేసవిలో అది తప్పు. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి చాలాసేపటిదాకా కక్కుతూనే ఉంటుంది. అతి చల్లని సమయం సూర్యోదయం ముందర. తీరప్రాంతంలో ఆ వేళ గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పుల ఊసెత్తుతుంది, తీరంలో 37కే ఎత్తుతుంది. కారణం ఈ తేమే. అందుకే హైదరాబాదులో మే నెలలో చేయగలిగినంత పని కాకినాడలో అదే నెల, అదే వేళ చేయబోతే తల తిరుగుతుంది. మేడ మీద గాలి ఆడుతుంది కాబట్టి కొంత నయం. మూడు పక్కల గోడలున్న బాల్కనీలో ఫ్యాను లేకుండా కష్టం. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో సగం పనే చేయాలి. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టుకుంటే సాయంత్రానికి కింద గచ్చు వేడి తేడా అరికాలికి తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక మేడకు తెల్లపూత వేయించుకునేవాళ్లు పెరిగారు. అది శ్లాబును చల్లగా ఉంచుతుంది, మిట్టమధ్యాహ్నం కళ్లకు మాత్రం గుచ్చుతుంది.

వాన, ఉప్పుగాలి ఇనుము మీద పనిచేస్తాయి. విశాఖ, భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న మేడ మీద క్రోమియం పూత ఉన్న డంబెల్ కడ్డీ ఒక్క ఋతువులో చుక్కలు తేలుతుంది. పూత ఎక్కడ లేచిందో అక్కడ తుప్పు లోపలికి పాకుతుంది, మర తిరిగే నట్టు బిగుసుకుంటుంది. పోత ఇనుము ప్లేటుకు కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి గుడ్డతో తుడిస్తే చాలాకాలం ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపిన ప్లేట్లు తుప్పు పట్టవని కొంటారు. తొడుగు ఎండకు పెళుసవుతుంది, ఒకసారి పడితే చిట్లి పొడి కారుతుంది. పైగా అదే బరువుకు రెట్టింపు మందం ఉంటాయి, కడ్డీ మీద ఎక్కువ పట్టవు. రబ్బరు పట్టీలకు ఎండే శత్రువు. నెర్రె పడ్డ పట్టీ లాగుతుండగా తెగితే కంటికే తగులుతుంది. వాడే ముందు వేళ్లతో సాగదీసి చూడటం ఒక్క నిమిషం పని. ట్రెడ్‌మిల్లు, తొక్కే సైకిలు, నాలుగైదు కసరత్తులు కలిపిన మల్టీజిమ్ ఆరుబయటకు పనికిరావు. వాటి గురించి ఇంతకన్నా రాయను.

ఈ కారణాలన్నీ కలిపే సామాను లోపల, మనిషి బయట అన్నాను. అప్పుడు కొనే ప్రతి వస్తువునూ ఒకటే ప్రశ్న అడగాలి: రోజూ ఒంటి చేత్తో తీసుకొచ్చి, మళ్లీ లోపల పెట్టగలనా? ఈ పరీక్షకు నిలిచేవి కొన్నే. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి రెండు చెక్క రింగులు, వాటి నాడాలు. కడ్డీకి తగిలిస్తే లాగడం, తోయడం, కడుపు బిగించడం అన్నీ అయిపోతాయి. నాడా పొడవు మార్చితే పసివాడికీ పహిల్వానుకూ అదే పనిముట్టు. కొత్తవాళ్లు కాళ్లు నేల మీద ఉంచి ఏటవాలుగా లాక్కుంటారు, బలం వచ్చేకొద్దీ ఒంటిని నేలకు సమాంతరం చేస్తారు. డెలార్మ్ చెప్పిన పెరిగే భారం ఇదే, కాసింత కూడా ఇనుము కొనకుండా. పూర్తి పుల్-అప్ రానివాళ్లు పైకి ఎక్కి నిలబడి నెమ్మదిగా దిగడం సాధన చేయవచ్చు. ఎత్తడానికి చాలని బలం దించడానికి చాలుతుంది.

నేల మీంచి వంగి ఎత్తే కసరత్తుకు కెటిల్‌బెల్, అంటే పిడి ఉన్న ఇనుప గుండు, మంచిది. రష్యాలో పూద్ అనే పాత కొలత 16.38 కిలోలు. అందుకే ఇవి 16, 24, 32 కిలోల్లో స్థిరపడ్డాయి. విడిపోయే భాగాలు లేవు, ఒకే ముద్ద. దాన్ని ఊపేటప్పుడు ముందు వైపు ఆరేడడుగులు ఖాళీ కావాలి, అక్కడ అద్దం గాని మనిషి గాని ఉండకూడదు. డబ్బు చాలనివాళ్లకు ఇసుక సంచి ఉంది. ఘనపుటడుగు ఎండు ఇసుక దాదాపు 45 కిలోలు తూగుతుంది, కాబట్టి సంచి నింపే ముందే అంచనా వేసుకోవచ్చు. గట్టి పాలిథీన్ సంచిలో మూతికట్టి, దాన్ని గోనె సంచిలో పెట్టి కుట్టాలి. తడిస్తే బరువు పెరుగుతుంది, కుళ్లు వాసన వస్తుంది. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుని మేడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడవడం పైసా ఖర్చులేని గొప్ప కసరత్తు. పిడికిలి, భుజం, నడుం ఒకేసారి పనిచేస్తాయి.

తరవాత పక్కింటివాళ్లు. అపార్టుమెంటులో మేడ ఎవరి సొంతమూ కాదు. 2016 నాటి రెరా చట్టం మేడలను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. పై అంతస్తు ఫ్లాటు కొన్నవాళ్లు మేడ తమదేనని తాళం వేసుకోవడం, దానికి ఎదురుగా మరొకరు ఎవరినీ అడక్కుండా ర్యాకు పెట్టేయడం, రెండూ తగవులే. సంఘం సమావేశంలో ఒకసారి రాతపూర్వకంగా అనుకుంటే కడ్డీ అందరిదీ అవుతుంది. ఇళ్లున్న ప్రాంతాల్లో శబ్దం పగలు 55 డెసిబెల్సు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. తెల్లవారుజామున అయిదింటికి ప్లేటు కింద పెట్టిన చప్పుడు కింది ఇంట్లో పడుకున్న పసిబిడ్డకు చెవి పక్కనే వినిపిస్తుంది. కాంక్రీటు దాన్ని మోసుకెళ్తుంది. తాడాట కూడా అంతే. ఆ వేళ రింగులు, పట్టీలు మాత్రమే.

ఈ ఏర్పాటు ఎవరికి ఎక్కువ అవసరమని ఆలోచిస్తే నాకు ఇంటి ఆడవాళ్లే గుర్తొస్తారు. వాళ్లలో 57 శాతం మందికి శ్రమ చాలడం లేదు. చిన్న పట్నాల్లో ఆడవాళ్లు నిస్సంకోచంగా వెళ్లగల జిమ్ ఉండదు, ఉన్నా వంట ముగించుకుని వెళ్లే వేళకు అది మూసేస్తారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. ఆడపిల్ల బరువులెత్తితే ఒళ్లు మగవాడిలా అవుతుందన్న భయం ఆ జిల్లాలో కూడా ఇంకా వినిపిస్తుంది. మేడ మీద మరో సమస్య చూపులు. నాలుగు వైపులా ఎత్తయిన ఇళ్లుంటే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. పిట్టగోడ మీద ఆరడుగుల దాకా షేడ్‌నెట్‌ను నిలువుగా కడితే నీడతో పాటు చాటు కూడా దొరుకుతుంది. గాలికి అది తెరచాపలా లాగుతుంది, అందుకని అడుగడుగుకూ తాడుతో కట్టాలి, తుపాను హెచ్చరిక వస్తే విప్పేయాలి.

ఇంట్లో అరవై అయిదు దాటినవాళ్లుంటే వాళ్ల కోసం కడ్డీ కింద గట్టి కుర్చీ ఒకటి వేయండి. కడ్డీకి కట్టిన నాడాలు పట్టుకుని కూర్చుని లేవడం, ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టడం చాలు. పడిపోకుండా ఉండటానికి వాళ్లకు వారంలో మూడు రోజులు ఇలాంటి కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వానాకాలంలో మాత్రం వాళ్లను మేడ ఎక్కనివ్వకండి. పాకుడు కంటికి కనిపించకముందే కాలికి తగులుతుంది. జూన్‌లో తొలి వాన పడగానే చీపురు, బ్లీచింగు పొడి తీసుకుని ఆ మూల రుద్ది కడిగి, ఎండిందో లేదో చేత్తో తడిమి చూశాకే చాప పరచాలి.